లంకలో ఎనిమిది రాత్రులు: ఏ ఊరు పెట్టుకోవాలి, ఏది కొట్టేయాలి

కాకినాడలో ఒక ట్రావెల్స్ ఆయన మాకు ఇచ్చిన మొదటి ప్లాను కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. శ్రీలంక, ఏడు రోజులు, పదకొండు ఊళ్లు. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం పైనుంచి కింద దాకా చదివింది. "అంటే అన్నీ తిప్పి, ఏదీ చూడనివ్వరన్నమాట" అంది. పైగా ఆమె అడిగిన ఒక్క ఊరూ ఆ పదకొండింట్లో లేదు.

ఆమె అడిగింది త్రింకోమలీ. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం చదివేవాళ్లకి తెలుసు, అందులో మొట్టమొదటి పేరే లంకలోని శాంకరీదేవిది. మాకు పిఠాపురం ఇరవై కిలోమీటర్లు, ద్రాక్షారామం ముప్ఫై. పురుహూతికా, మాణిక్యాంబా అమ్మకి పక్కింటి వాళ్ల లెక్క. రోజూ పొద్దున్నే ఆ శ్లోకం చదువుతూ మొదటి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది, చూడలేదు కదా అని. ఆ ఊరే లేకుండా లంక ఎందుకు?

సరే, ప్లాను నేనే వేస్తానని నోట్‌బుక్ తీశాను. 2024 ఫిబ్రవరిలో వెళ్లొచ్చాం. అమ్మ (68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు), మావారు, పదమూడేళ్ల మావాడు, నేను. ఆ లెక్క ఎలా వేశానో చెబుతాను. మీరు వెళ్లేది లంకే కానక్కర్లేదు. వియత్నామైనా, నేపాలైనా లెక్క ఇదే.

ముందు ఊళ్లు రాయకండి, రాత్రులు రాయండి. "ఏమేం చూద్దాం" అని మొదలుపెడితే జాబితా పెరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే యూట్యూబ్‌కి అంతు లేదు. "ఎన్ని రాత్రులు పడుకుంటాం" అని మొదలుపెడితే అది పెరగదు. మాకు సెలవులు కుదిరింది ఎనిమిది రాత్రులకి. ఇక మజిలీ మారిన ప్రతిసారీ సగం రోజు పోయినట్టే. పెట్టెలు సర్దడం, హోటల్ లెక్క తేల్చడం, అమ్మ మాత్రల డబ్బా ఎక్కడ పెట్టామో వెతకడం, కొత్త హోటల్లో గది రెండింటికి గానీ ఇవ్వమంటే లాబీలో కూర్చోవడం. అందుకని ఎనిమిది రాత్రులకి ఐదు మజిలీలు మించకూడదని గీత గీశాను. నిజం చెప్పాలంటే నాలుగు చాలు. ఐదోది మావాడి కోసం ఒప్పుకున్నాను.

చిన్న దేశమే కదా అనుకోవద్దు. శ్రీలంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. మ్యాపులో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉంటాయి. కానీ క్యాండీ నుంచి నువారా ఎలియా 80 కిలోమీటర్ల లోపే అయినా కారులో మూడు గంటలకి దగ్గర పడుతుంది, దారంతా మెలికలే. కొండల్లో గంటకి ముప్ఫై కిలోమీటర్లు అనుకుంటే మీ లెక్క తప్పదు. అదే గాల్ నుంచి కొలంబో 120 కిలోమీటర్లు ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండు గంటల్లోపే వచ్చేశాం. కాబట్టి నోట్‌బుక్‌లో ఊరికీ ఊరికీ మధ్య కిలోమీటర్లు రాయకండి, గంటలు రాయండి. రోజుకి నాలుగు గంటల కంటే ఎక్కువ రోడ్డు మీద ఉంటే పెద్దవాళ్లు సాయంత్రానికి ఏదీ చూసే స్థితిలో ఉండరు. పిల్లలు అంతకంటే ముందే అలుగుతారు.

తర్వాత వాన. లంకకి రెండు వానాకాలాలు, అదీ వేర్వేరు వైపుల. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి పడమర తీరాన్నీ, దక్షిణాన్నీ, కొండల్నీ తడుపుతుంది. అప్పుడు తూర్పు తీరం పొడిగా, సముద్రం చెరువులా ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తిరగబడుతుంది, ఈశాన్యం తూర్పునీ ఉత్తరాన్నీ పట్టుకుంటుంది, గాల్ వైపు ఎండ కాస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ఎక్కడైనా కురవొచ్చు. కనుక "శ్రీలంకకి ఏ నెల మంచిది" అన్న ప్రశ్నకి జవాబు లేదు. "ఆ నెలలో లంకలో ఏ వైపు మంచిది" అని అడగాలి.

ఇక్కడే నాకు చిక్కు వచ్చింది. మేం వెళ్లేది ఫిబ్రవరి, అమ్మ అడిగింది తూర్పు తీరం. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తట్టింది: అమ్మ వెళ్లేది సముద్రానికి కాదు, గుడికి. గుడికి సీజన్ లేదు. త్రింకోమలీ దగ్గరి నిలావెలిలో ఈత, పక్కనున్న పావురాల దీవి దగ్గర పగడపు దిబ్బలు చూడాలంటే మే తర్వాతే వెళ్లాలి. దర్శనానికైతే గొడుగు ఉంటే చాలు. ఒకే ఊరికి, మీరు దేనికోసం వెళ్తున్నారో దాన్ని బట్టి, రెండు సీజన్లు ఉండొచ్చు. అందుకే నోట్‌బుక్‌లో ఊరి పేరు ఒక్కటే రాయకుండా పక్కన "దేనికి" అని ఇంకో గడి గీసుకోండి. ఆ గడి ఖాళీగా ఉన్న ఊరిని కొట్టేయండి. నేను అలాగే కొలంబోని కొట్టేశాను. గంగారామయ గుడి, గాల్ ఫేస్ సముద్రపు ఒడ్డు, పెట్టా బజారు బాగుంటాయి, కాదనను. కానీ చెన్నై మీదుగా వెళ్లి చెన్నై మీదుగా వచ్చే మాకు మరో ఓడరేవు నగరంలో రెండు రాత్రులు ఎందుకు? తిరుగు ప్రయాణం రోజున మూడు గంటలు ఇచ్చాం. అవి చాలాయి.

ఆ తర్వాత ఓట్లు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు, దాన్ని ఎవరూ ప్రశ్నించకూడదు. అమ్మ: శాంకరి. మావారు: కొండ రైలు. మావాడు: చిరుతపులి. నేను: సిగిరియా బండ కోట. ఈ నాలుగూ మ్యాపు మీద పెట్టి, వాటి మధ్య దారిలో ఏం తగులుతాయో అవి మాత్రమే కలుపుకున్నాను. దారి తప్పి వెళ్లాల్సినవి ఎంత గొప్పవైనా వద్దనుకున్నాను. జాఫ్నా అలా పోయింది. అనురాధపురం కూడా పోయింది, బోధ్‌గయ నుంచి అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చిన బోధివృక్షం కొమ్మ చెట్టై ఇంకా అక్కడ బతికే ఉందని తెలిసీ. దాని మీద నాకు ఇప్పటికీ బెంగే.

చివరికి తేలింది ఇది: హబరణలో మూడు రాత్రులు, క్యాండీలో ఒకటి, నువారా ఎలియాలో రెండు, ఉడవలవెలో ఒకటి, గాల్‌లో ఒకటి.

హబరణ అనేది పెద్ద ఊరేమీ కాదు, నాలుగు రోడ్ల కూడలి. సిగిరియా అరగంట, పాత రాజధాని పొలొన్నరువ గంట, త్రింకోమలీ రెండు గంటలు. మూడు రోజులు పెట్టెలు విప్పి అక్కడే ఉండి, పొద్దున్నే ఒక వైపు వెళ్లి సాయంత్రం తిరిగొచ్చాం. టూరు మొత్తంలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే. పేరున్న ఊళ్లోనే బస చేయాలని లేదు, పేరున్న ఊళ్ల మధ్యలో చేయాలి.

సిగిరియా గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, నా ఓటు కాబట్టి. చుట్టూ చదునైన అడవి, మధ్యలో దాదాపు రెండు వందల మీటర్ల బండ. తండ్రి ధాతుసేనుణ్ణి చంపించి గద్దెనెక్కిన కాశ్యపుడు అయిదో శతాబ్దంలో (477–495) దాని నెత్తిన కోట కట్టుకున్నాడు. సుమారు 1,200 మెట్లు. గేటు తెరిచే వేళకి అక్కడ ఉండండి, తొమ్మిది దాటితే బండ పెనంలా కాలుతుంది, ఇనప మెట్ల మీద క్యూ కదలదు. సగం ఎత్తులో గోడకి గీసిన అప్సరసల బొమ్మలున్నాయి, అక్కడ ఫొటోలు తీయనివ్వరు, మంచిదే, జనం కాసేపైనా కళ్లతో చూస్తారు. దాని కింద అద్దంలా నునుపు చేసిన గోడ మీద వెయ్యేళ్ల కిందటి సందర్శకులు ఆ బొమ్మల్ని చూసి రాసిన పద్యాలున్నాయి. మనవాళ్లు కోటల గోడల మీద పేర్లు చెక్కుతారని తిట్టుకుంటాం కదా, ఇక్కడ అది మ్యూజియం అయింది. ఇంకాస్త పైన సింహం పంజాలు రెండు. ఒక్కో గోరు మావాడి నడుము ఎత్తు. అక్కడ కందిరీగల గురించి బోర్డు ఉంటుంది, చప్పుడు చేయొద్దని. నవ్వుకోకండి, తలెత్తి చూస్తే పట్లు కనిపిస్తాయి.

అమ్మ ఎక్కలేదు. కింద నీటి తోటల దగ్గర చెట్టు నీడలో కూర్చుంటానంది, మావారు తోడున్నారు. "ఎక్కలేనివాళ్లకి అక్కడ ఏముంది" అని ప్రతి చోటికీ ముందే చూసుకోవాలి. సిగిరియాలో తోటలున్నాయి, మ్యూజియం ఉంది. ఎదురుగా ఉన్న పిదురంగల కొండకైతే అదేమీ లేదు, చివర్లో బండల మీద చేతులు ఊని పాకాలి. పిదురంగల టికెట్టు చాలా తక్కువ, అక్కడినుంచి సిగిరియా బండ మొత్తం కనిపిస్తుంది. మోకాళ్లు గట్టిగా ఉన్న కుర్రాళ్లకి నేనైతే అదే చెబుతాను. రెండూ ఎక్కక్కర్లేదు. టికెట్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట: సిగిరియా, పొలొన్నరువ లాంటి చోట్ల మనలాంటి సార్క్ దేశాల వాళ్లకి ధర తగ్గుతుంది. పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, హోటల్ లాకర్లో కాదు.

త్రింకోమలీకి చీకటితోనే బయల్దేరాం. హబరణ దాటాక అడవి దారి, ఒకచోట రోడ్డు పక్కనే ఏనుగు నిలబడి ఉంది. డ్రైవరు ఇంజను ఆపకుండా, హారను కొట్టకుండా ఆగి, అది లోపలికి వెళ్లాకే కదిలించాడు. కోణేశ్వరం గుడి సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొన మీద, పాత కోట లోపల ఉంటుంది. కోటలో చుక్కల జింకలు ఆవుల్లా తిరుగుతూ అరటి తొక్కలకి చేయి చాస్తే దగ్గరికొస్తాయి. పాత గుడిని పోర్చుగీసువాళ్లు పదిహేడో శతాబ్దంలో కూలగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. అమ్మ శాంకరీదేవి ముందు నిలబడి మొత్తం పద్దెనిమిది పేర్లూ చదివింది. ఈసారి మొదటి పేరు దగ్గర ఆగలేదు. నిలావెలి వెళ్లి చూస్తే అలలు ఇంకా శాంతించలేదు, కాళ్లు తడుపుకుని వచ్చేశాం. అనుకున్నదే కాబట్టి ఎవరికీ కోపం రాలేదు.

పొలొన్నరువకి సగం రోజు ఇచ్చాను. గల్ విహారంలో ఒకే రాతిలో చెక్కిన బుద్ధ విగ్రహాలు, చోళుల నాటి శివాలయం, పరాక్రమబాహు తవ్వించిన సముద్రమంత చెరువు. చెరువు గట్టు మీద గాలికి కూర్చున్న గంటే నాకు ఎక్కువ గుర్తుంది.

క్యాండీలో నేను తప్పు చేశాను. ఆ దేశంలో ప్రతి పౌర్ణమీ సెలవే, "పోయా" అంటారు. మద్యం దుకాణాలు, మాంసం దుకాణాలు మూసేస్తారు, గుళ్లు కిటకిటలాడతాయి. మేం క్యాండీ చేరింది సరిగ్గా ఫిబ్రవరి పోయా రోజున, అదీ శుక్రవారం. మూడు రోజులు వరస సెలవులు, దేశం దేశమే రోడ్డు మీద ఉంది. తెల్లబట్టలు కట్టుకుని తామరపూలు పట్టుకున్న జనం మధ్య బుద్ధుడి దంత ధాతువు గుడిలో రెండున్నర గంటలు నిలబడ్డాం. మా వంటింట్లో వేలాడే క్యాలెండర్లో పౌర్ణమి గుర్తు వేసే ఉంది. ఒక్కసారి తలెత్తి చూస్తే సరిపోయేది. మీరు చూడండి. ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం కూడా చూసుకోండి, అప్పుడు చాలా దుకాణాలు మూసి ఉంటాయి, కొండ ఊళ్లలో గదులు దొరకవు.

అయినా క్యాండీని కొట్టేయమని చెప్పను. అక్కడ చెరువు గట్టు మీద నడుస్తూ మావాడికి చెప్పిన కథ ఇది: 1739 నుంచి 1815 దాకా ఈ ఊరిని ఏలింది నాయక్కర్ రాజులు, మధుర నాయకుల బంధువర్గం, మూలాలు తెలుగువే. ఈ చెరువు తవ్వించిన శ్రీ విక్రమ రాజసింహుడే చివరివాడు. ఇంగ్లీషువాళ్లు 1815లో పట్టుకుని వెల్లూరు కోటకి పంపారు, 1832లో అక్కడే పోయాడు. మా వీధిలో సగం మంది వైద్యానికి వెళ్లే వెల్లూరే. మావాడు మొదటిసారి ఫోను జేబులో పెట్టాడు. ఒక నగరాన్ని ఎంచుకునేటప్పుడు ఇలాంటి పోగు ఒకటి దొరుకుతుందేమో చూడండి. అది లేకపోతే నగరం అంటే ట్రాఫిక్, షాపింగే. లంకలో తెలుగు మాట్లాడే పాములవాళ్ల సమూహం కూడా ఉంది, అహికుంటిక అంటారు. వాళ్ల ఊరు చూపిస్తామని ఎవరైనా అంటే మాత్రం నేను వెళ్లను. మనుషుల్ని చూసిరావడానికి టికెట్ ఏమిటి?

మావారి ఓటుకి క్యాండీ నుంచి నాను ఓయా దాకా రైలెక్కాం, నువారా ఎలియాకి దిగాల్సిన స్టేషన్ అదే. అందరూ ఎల్లా అనే కొండ ఊరి దాకా ఆరేడు గంటలు వెళ్తారు. అమ్మతో అంతసేపు వద్దని నాలుగు గంటల ముక్కే తీసుకున్నాం. తేయాకు తోటలు, జలపాతాలు, చలి, కావలసినవన్నీ ఆ ముక్కలోనే వచ్చాయి. పెట్టెలు కారులో పంపి డ్రైవర్ని స్టేషన్ దగ్గరికి రమ్మన్నాం. ఇది మర్చిపోకండి, పెట్టెలతో ఆ రైలు ఎక్కడం నరకం. రిజర్వేషన్ ముప్ఫై రోజుల ముందు తెరుస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. ఒక హెచ్చరిక: 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుఫానుకి కొండచరియలు విరిగిపడి ఈ రైలు మార్గం బాగా దెబ్బతింది. మీరు వెళ్లే నాటికి ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా నడుస్తోందో కనుక్కున్నాకే దీని చుట్టూ ప్లాను కట్టండి.

నువారా ఎలియా 1,868 మీటర్ల ఎత్తు. ఊరు నాకు అంతగా నచ్చలేదు, ఊటీకి చెల్లెలు. కానీ అక్కడ పడుకుంటేనే హోర్టన్ ప్లెయిన్స్ జాతీయ వనం కుదురుతుంది. పొద్దున్న అయిదింటికి బయల్దేరి గేటు దగ్గరికి చేరాం. సంచులు విప్పి ప్లాస్టిక్ కవర్లు తీసేసుకున్నారు, నీళ్ల సీసా మీది లేబుల్ కూడా చింపేశారు. తొమ్మిది కిలోమీటర్ల చుట్టు నడక, గడ్డి మైదానాల్లో కణుజులు మేస్తుంటాయి. వరల్డ్స్ ఎండ్ అనే చోట నేల ఉన్నట్టుండి తెగిపోయి దాదాపు 870 మీటర్ల లోతు. మేం వెళ్లేసరికి ఏడున్నర, కింద లోయ, పల్లెలు స్పష్టంగా కనిపించాయి. మావాడు "చూశాం కదా, పద" అన్నాడు. ఇంకాసేపు కూర్చోబెట్టాను. ఎనిమిదిన్నరకి కింద నుంచి మబ్బు పాలు పొంగినట్టు పైకొచ్చింది, పది నిమిషాల్లో మా ముందు తెల్లటి గోడ. ఎదురుగా అప్పుడే వస్తున్న ఒక గుంపు ఆ గోడ ముందు నిలబడి ఫొటోలు తీసుకుంది. ప్రకృతి దృశ్యం ఎంచుకుంటే దాని వేళ కూడా ఎంచుకోవాలి. ఆ వేళకి లేవలేమనుకుంటే దాన్ని జాబితాలోంచి తీసేయండి, నష్టమేమీ లేదు. ఆ పొద్దుటి పూట అమ్మ నిద్రపోయింది. మధ్యాహ్నం అందరం సీతా ఎలియాలో సీతమ్మ గుడికి వెళ్లాం, అశోకవనం అదే అంటారు.

మావాడి చిరుతే పేచీ పెట్టింది. చిరుతలకి పేరున్న అడవి యాలా. కానీ అక్కడ ఒక చిరుత కనిపిస్తే ముప్ఫై జీపులు మూగుతాయని, కనిపించకపోవడమూ మామూలేనని చదివాను. ఉడవలవెలో ఏనుగులు ఏడాది పొడవునా ఉంటాయి, మా దారికీ దగ్గర. మిన్నేరియాలో వందల ఏనుగులు ఒక్కచోట చేరేది చెరువు ఎండే జూలై నుంచి సెప్టెంబరు ప్రాంతంలో, ఫిబ్రవరిలో ఆ ముచ్చట లేదు. అడవి జంతువులకి నా సూత్రం ఇంతే: పిల్లలుంటే అరుదైనది ఒద్దు, ఖాయంగా కనిపించేదానికి వెళ్లండి. ఉడవలవెలో ఏనుగుల్ని లెక్కపెట్టడం ముప్ఫై దగ్గర ఆపేశాం. దగ్గర్లోనే తల్లి లేని ఏనుగు పిల్లల కేంద్రంలో మూడు గంటలకోసారి పాలు పడతారు, పెద్దయ్యాక అడవిలో వదిలేస్తారు. చూసేవాళ్లు దూరంగా మెట్ల మీద కూర్చోవాలి, ముట్టుకోనివ్వరు. అందుకే పిన్నవల ఏనుగుల అనాథాశ్రమానికి బదులు దీన్ని పెట్టాను. మావాడు మాత్రం రాత్రి అన్నం దగ్గర, "చిరుత అయితే చూడలేదు" అన్నాడు. సూత్రాలు పిల్లల దగ్గర పనిచేయవు.

భోజనం విషయం కూడా ఊరి ఎంపికలో వేసుకోండి, ఇంట్లో శాకాహారులుంటే. మొదటి రోజే అమ్మ కొబ్బరి సంబోల్‌ని మన కొబ్బరి పచ్చడి అనుకుని రెండు ముద్దలు తింది. అందులో ఎండు చేప పొడి కలుపుతారని తర్వాత తెలిసింది. ఆ పూట మంచినీళ్లు కూడా ముట్టలేదు. "మస్ ఎపా, మాలు ఎపా" (మాంసం వద్దు, చేప వద్దు) అన్న రెండు మాటలు నేర్చుకుని వెళ్లండి. త్రింకోమలీలో తమిళుల శాకాహార హోటళ్లు సులువుగా దొరికాయి. కొండల్లో ఆప్పాలు, ఇడియాప్పం, పప్పుతో సరిపెట్టుకున్నాం.

గాల్ చివర్లో పెట్టడానికి కారణం అలసట. 1588లో పోర్చుగీసులు మొదలుపెట్టి, తర్వాత డచ్చివాళ్లు బలంగా కట్టిన కోట అది. లోపల ఇప్పటికీ ఇళ్లు, బడులు, మసీదు, చర్చి ఉన్నాయి. చదునైన నేల, గోడ మీద సముద్రం పక్కనే నడక, అమ్మ మోకాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. టూరుని ఎప్పుడూ ఎక్కాల్సిన చోట ముగించకండి, కూర్చోగలిగిన చోట ముగించండి. మిరిస్సాలో తిమింగలాలు చూపించే పడవలు అప్పుడు నడుస్తున్నాయి, గంటన్నర దూరం కూడా లేదు. మావారు అడిగారు. ఆయన ఓటు రైలుకి వాడేశారు కదా అన్నాను.

ఈసారి కుదరక మరోసారికి దాచుకున్న పేర్లు నోట్‌బుక్ చివరి పేజీలో ఉన్నాయి: అనురాధపురం, జాఫ్నా, నిలావెలి, మిన్నేరియా. నాలుగూ ఉత్తరం, తూర్పు వైపే, నాలుగూ జూలై, ఆగస్టుల్లో కుదిరేవే, కాబట్టి రెండో ప్రయాణం దానంతటదే తయారైంది. వాటి కింద మావాడు వాడి చేతిరాతతో "విల్పత్తు" అని రాశాడు, అక్కడా చిరుతలుంటాయట. కనిపించకపోతే నన్ను అడగొద్దని పక్కన నేను రాసి పెట్టాను.